వెడల్పు ములుకు, వెదురు పుల్ల: పర్లాకిమిడి బాణాల డైరీ

పని ఏమిటి

మా మేనల్లుడు ఈ ఏడాది మొదటిసారి ఇండియన్ రౌండ్ పోటీలకు దిగుతున్నాడు. వెదురు విల్లు, 30 మీటర్లు, 50 మీటర్లు, ఒక్కో దూరానికి 36 బాణాలు. విల్లు వాడిదే. 28 అంగుళాలు లాగితే 34 పౌండ్లు, అంటే 15.4 కిలోలు. సామాన్లు తూచే కొక్కెం కాటాకి తగిలించి చూశాం. బాణాలు నా పని. నాది మోటార్ వైండింగ్ షాపు. వెర్నియర్, వార్నిష్, దారం అన్నీ చేతికి అందుతాయి, అందుకే ఇది నా మీద పడింది.

వాడు ముందు అడిగింది పుల్లలు కాదు, ములుకులు. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళ బ్రాడ్‌హెడ్లు, అంటే వేటకి వాడే వెడల్పు రేకు ములుకులు చూసి "అలాంటివి పెడదాం మావయ్యా" అన్నాడు. అక్కడ విల్లుతో జింకల వేటకి సీజన్ ఉంటుంది, లైసెన్స్ ఉంటుంది. పలు రాష్ట్రాల్లో బ్రాడ్‌హెడ్ కోత వెడల్పు కనీసం 7/8 అంగుళం ఉండాలని నిబంధన కూడా ఉంది. మనకి అవేమీ లేవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వన్యప్రాణుల వేటను నిషేధిస్తుంది. 31వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగు పెట్టడమే తప్పు. లఖారి లోయ అభయారణ్యం ఉన్నది ఒడిశాలోని మా గజపతి జిల్లాలోనే. కాబట్టి ఈ డైరీలో వేట లేదు. పోటీకి వెళ్ళేవి గుండ్రటి బుల్లెట్ ములుకులే.

అయినా వెడల్పు ములుకులు కొన్ని చేయించాను, పరీక్ష కోసం. సీజన్‌కి ముందు అక్కడి వేటగాళ్ళకి పెద్ద తలనొప్పి ఒకటే: మామూలు ములుకు పడిన చోటే బ్రాడ్‌హెడ్ కూడా పడాలి. వెడల్పు రేకు గాలిని పట్టుకుంటుంది. బాణం కాస్త వంకరగా బయల్దేరినా వెనకున్న ఈకలు సర్దేలోపు ముందున్న రేకు దాన్ని పక్కకి లాగేస్తుంది. బుల్లెట్ ములుకు దాచిపెట్టే తప్పును రేకు బయటపెడుతుందన్నమాట. కొత్తవాడి విల్లు సరిచేయడానికి ఇంతకంటే చవకైన పరికరం నాకు తెలీదు. అంచులకి పదును పెట్టించలేదు, పదునుతో మనకి పని లేదు.

దశ 1: పుల్లలు

సాధనపు వెదురు సన్నకొమ్మలు, చిటికెన వేలంత లావు, లోపల దాదాపు గట్టివి. రైతు పెరటి పొదల్లోంచి కొన్నాం. 2017లో అటవీ చట్టానికి సవరణ వచ్చాక అటవీ భూమి కాని చోట పెరిగిన వెదురు చెట్టు లెక్కలోకి రాదు, రవాణా పర్మిట్ బాధ లేదు. అడవిలో కొట్టుకొచ్చి అమ్మేవాళ్ళ దగ్గర కొంటే ఆ భరోసా ఉండదు.

1. వానలు వెళ్ళాక, చలికాలంలో కోయించాలి. లేత కొమ్మ వద్దు. గోరుతో నొక్కితే పచ్చిగా దిగేది పక్కన పెట్టేయాలి.
2. వారం పాటు నీళ్ళలో ముంచాలి. లోపలి పిండి పదార్థం కొంత పోతుంది, పుచ్చు తగ్గుతుంది.
3. నీడలో, అటక మీద, కట్టలు కట్టి ఆరబెట్టాలి. ఎండలో పెట్టినవి చీలిపోయాయి.
4. బొగ్గుల కుంపటి మీద కాచి, గాడి ఉన్న చెక్కతో వంచి సరిచేయాలి. ముందు కణుపులు, తర్వాత కణుపుల మధ్య భాగం.

ముంచిన కట్టకి పుచ్చు పట్టలేదు. తొందరపడి ముంచకుండా ఆరబెట్టిన చిన్న కట్ట కింద మాత్రం రెండు నెలల్లో పసుపు పొడి రాలింది. దాన్ని మొత్తం పొయ్యిలో పెట్టాం, ఎందుకంటే పురుగు పక్క కట్టకి పాకుతుంది.

కాచేటప్పుడు చూడాల్సింది రంగు కాదు, తడి. వేడెక్కిన కణుపు దగ్గర చర్మం మీద సన్నగా నూనెలా మెరుపు తేలుతుంది. అప్పుడు వంచితే వంగి అలాగే ఉంటుంది. ఆ మెరుపు రాకముందు వంచితే చల్లారాక వెనక్కి పోతుంది, నల్లబడ్డాక వంచితే అక్కడే విరుగుతుంది. సంతకి వచ్చే సవర తాత ఒకాయన బాణాలు చేసేవాడట. నా పుల్ల తీసుకుని ఒక కన్ను మూసి చూసి, "ఇటు కణుపు వదిలేసావు" అని వెనక్కిచ్చాడు. కంటితో చూస్తే నాకు తిన్నగానే కనిపించింది. గాజు పలక మీద దొర్లిస్తే టకటకమంది. అప్పటి నుంచి గాజు పలకే ప్రమాణం.

*ఇప్పటిదాకా: కొన్నవి 60, పనికొచ్చేవి 39. ఖర్చు: పుల్లలు 480, బొగ్గు 60. మొత్తం 540 రూపాయలు.*

దశ 2: వంపు కొలత

ఇక్కడే ఎక్కువ రోజులు పోయాయి, పోవాలి కూడా. బాణం విల్లు పక్కనుంచి పోవాలంటే వంగి, పిడి చుట్టూ తిరిగి, మళ్ళీ నిటారు కావాలి. ఎంత వంగాలన్నది విల్లు బలాన్ని బట్టి ఉంటుంది. ఆ వంపునే స్పైన్ అంటారు. చెక్క బాణాలకి పాత పద్ధతి ఇది: 26 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద పుల్లని పెట్టి, మధ్యలో 2 పౌండ్ల బరువు వేలాడదీసి ఎంత దిగిందో చూడాలి. 26ని దిగిన అంగుళాలతో భాగిస్తే పౌండ్లలో స్పైన్ వస్తుంది.

మా జిగ్ (కొలవడానికి కట్టుకున్న చట్రం):

1. పాత తలుపు చట్రానికి 66 సెంటీమీటర్ల దూరంలో రెండు మేకులు.
2. 907 గ్రాముల బరువుకి ఇసుక పోసిన నీళ్ళ సీసా. కిరాణా కొట్లో తూచి, మూత బిగించి టేప్ చుట్టాను.
3. వెనక స్టీల్ స్కేలు నిలువుగా.
4. లెక్క సులువు: 660ని మిల్లీమీటర్లతో భాగించండి. 22 మి.మీ. దిగితే 30 పౌండ్లు. 19.4 దిగితే 34.

విల్లు 34 పౌండ్లయితే పుల్ల కూడా 34 ఉండాలనిపిస్తుంది. మా విల్లుకి అది కుదరదు. ఫ్యాక్టరీ విల్లుల్లో బాణం మధ్యలోంచి పోయేలా పిడిని కోసి ఉంచుతారు. వెదురు విల్లుకి ఆ కోత ఉండదు, పిడి వెడల్పంతా బాణానికి అడ్డమే. ఎక్కువ చుట్టు తిరగాలి కాబట్టి పుల్ల ఇంకాస్త మెత్తగా ఉండాలి. అందుకని 28 నుంచి 32 పౌండ్ల మధ్యవి, అంటే 23.6 నుంచి 20.6 మి.మీ. దిగేవి ఏరాను.

వెదురుతో ఇంకో చిక్కుంది. ఒకే పుల్లని పావు చుట్టు తిప్పి మళ్ళీ కొలిస్తే అంకె మారుతుంది. కొన్నింటిలో తేడా ఒక మిల్లీమీటరు, కొన్నింటిలో మూడు. కణుపు పక్కన కొమ్మ మొలిచిన గాడి ఉన్న వైపు ఎప్పుడూ వేరుగా ఉంటుంది. రెండు మిల్లీమీటర్లు దాటిన వాటిని తీసేశాను. మిగిలిన వాటికి గట్టి వైపున పెన్సిల్ గీత పెట్టాను, ఆ వైపు విల్లు పిడికి ఆనేలా నాక్ గాడి, అంటే బాణం వెనక చివర అల్లెతాడు కూర్చునే గాడి కోయడానికి. గీత పెట్టకుండా కోస్తే ఒక్కో బాణానికి ఒక్కో స్పైన్ అయినట్టే లెక్క.

గట్టి పుల్లని మధ్యలో గీకి మెత్తబరుద్దామని రెండింటి మీద చూశాను. వద్దు. వెదురు బలమంతా పై చర్మంలోనే ఉంది. గీకిన రెండూ తర్వాత వంచినప్పుడు చిటచిటమన్నాయి. గట్టివాటికి పొడవు కాస్త ఉంచడం, ముందు బరువు పెంచడం మాత్రమే మార్గం. పొడవు పెరిగినా ములుకు బరువు పెరిగినా విల్లులోంచి వెళ్ళేటప్పుడు బాణం ఎక్కువ వంగుతుంది.

*ఇప్పటిదాకా: మిగిలిన పుల్లలు 17. ఖర్చు: జేబు కాటా 450, స్కేలు 70. మొత్తం 1,060.*

దశ 3: ములుకులు

బరువులు గ్రెయిన్లలో చెబుతారు. 100 గ్రెయిన్లంటే 6.5 గ్రాములు, 125 అంటే 8.1. కాటా 0.01 గ్రాము చూపించేదై ఉండాలి, వంటింటి కాటా పనికిరాదు.

కొన్న బుల్లెట్ ములుకులు పన్నెండూ 125 అని రాసి ఉన్నాయి. తూస్తే 7.9 నుంచి 8.3 గ్రాముల దాకా వచ్చాయి. బరువైనవాటిని ఆకురాయితో దించి 8.0కి తెచ్చాను. 7.9 వాటిని బరువైన పుల్లలకి ఇచ్చాను. గ్రాములో పదో వంతుకి ఇంత రభస అవసరమా అంటే 30 మీటర్ల దగ్గర అవసరం లేదు. కానీ ఒకటి తేడాగా పడినప్పుడు కారణాల జాబితాలోంచి ఒకటి కొట్టేయొచ్చు, అందుకే.

రేకు ములుకులు కమ్మరి కొలిమిలో చేయించాను. వేపాకంత రేకు, వెడల్పు 22 మి.మీ., వెనక నాలుగు అంగుళాల తోక. మొదటి వరస బరువులు 7.1 నుంచి 10.4 దాకా ఉన్నాయి. కమ్మరాయన "అన్నీ ఒకేలా కొట్టాను బాబూ" అన్నాడు, చూపుకి ఒకేలాగే ఉన్నాయి. కాటా చూపించి, బరువుగానే వదలమని, మిగతాది నేను ఆకురాయితో దించుకుంటానని చెప్పాక పని నడిచింది. ఆరూ 8.1కి వచ్చాయి.

తోకని వెదురు బోలులో దించడం దగ్గర మూడు సమస్యలు.

చీలిక. గడ్డి మోపు వెనక చెక్కకి తగిలిన మొదటి బాణం తోక వెనక్కి జరిగి పుల్లని రెండు చేసింది. ఇప్పుడు మూతి దగ్గర అంగుళంన్నర మేర దారం బిగువుగా చుట్టి వైండింగ్ వార్నిష్ పట్టిస్తున్నాను. మోటారు కాయిల్‌కి పట్టించే వార్నిష్షే. వెదురు మీద బాగా పట్టింది.

లక్క. ఒట్టి లక్క కరిగించి పోస్తే గట్టిగా ఉన్నట్టే ఉండి, తగిలిన దెబ్బకి గాజులా పగిలింది, ములుకు మోపులోనే ఉండిపోయింది. కంసాలులు పని బిగించడానికి లక్కలో ఇటుక పొడి కలుపుతారు. అదే చేశాను, జల్లెడ పట్టిన పొడి. ఆ తర్వాత ఊడలేదు.

వంకర. ఇది కంటికి కనబడదు. ములుకు మొనని గోటి మీద నిలబెట్టి బాణాన్ని బొంగరంలా తిప్పాలి. గోరు మీద మొన నిశ్చలంగా ఉంటే సరే. సన్నగా జివ్వుమని వణికితే తోక వంకరగా కూర్చున్నట్టు. మళ్ళీ వేడి చేసి, లక్క మెత్తబడగానే తిప్పి, మళ్ళీ గోటి మీద. ఆరింట్లో మూడే ఈ పరీక్ష నెగ్గాయి. మిగతా మూడింటి రేకే మధ్య గీతకి పక్కన ఉంది, దాన్ని తిప్పి లాభం లేదు.

నాక్ దగ్గర మా ఊరి సరుకు పనికొచ్చింది. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరు. పనివాళ్ళ దగ్గర గేదె కొమ్ము ముక్కలు తెచ్చి, సన్నటి పలకలు కోసి, నాక్ గాడికి అడ్డంగా దించాను. అల్లెతాడు దెబ్బ వెదురు పోగుల మీద పడకుండా కొమ్ము ఆపుతుంది. గాడి కిందనే కణుపు వచ్చేలా పుల్ల కోయడం ఇంకా ముఖ్యం, చీలిక మొదలైనా కణుపు దగ్గర ఆగిపోతుంది.

*ఇప్పటిదాకా: మిగిలిన పుల్లలు 15. ఖర్చు: బుల్లెట్ ములుకులు 540, రేకు ములుకులు 360, లక్క, దారం, కొమ్ము 250. మొత్తం 2,210.*

దశ 4: ఈకలు

టర్కీ కోడి రెక్క ఈకలు, పాతపట్నం వైపు పెంచేవాళ్ళ దగ్గర. ఒక బాణానికి మూడు, మూడూ ఒకే వైపు రెక్కవి. ఎడమ రెక్క ఈక, కుడి రెక్క ఈక కలిపితే ఒకటి ఇటు తిప్పుతుంది, ఒకటి అటు. నాలుగంగుళాల ఈకలు బుల్లెట్‌కి చాలు. రేకు ములుకు ఉన్న మూడింటికి ఐదంగుళాలవి పెట్టాను. నెమలి ఈకలు అడిగినవాళ్ళు ఉన్నారు, ఆ ఊసే వద్దన్నాను. మూడు పుల్లలకి ఈకలు పెట్టలేదు, అవి తర్వాతి దశకి.

తయారైన బాణం: పొడవు 75 సెం.మీ., బరువు 28 గ్రాములు, అటూఇటూ అర గ్రాము. వేలి మీద తూగే చోటు నాక్ గాడి నుంచి 47 సెం.మీ. సగం 37.5, కాబట్టి తేడా 9.5. దాన్ని 75తో భాగిస్తే ముందు బరువు 12.7 శాతం. 100 గ్రెయిన్ల ములుకుతో అది 10.6కి వచ్చింది. 10 నుంచి 15 మధ్య ఉంటే బాణం స్థిరంగా పోతుంది.

*ఇప్పటిదాకా: ఈకలున్నవి 12 (బుల్లెట్ 9, రేకు 3), ఈకలు లేనివి 3. ఖర్చు: ఈకలు 120, జిగురు 85. మొత్తం 2,415.*

దశ 5: విల్లుతో కలపడం

మోపు: గోనె సంచుల్లో పాత చీరలు గట్టిగా కూరి, వెనక ఎండుగడ్డి మోపులు, దాని వెనక షాపు గోడ కాదు, మట్టి దిబ్బ. రేకు ములుకు ఫోమ్‌ని కోసేస్తుంది, చీరల్లో చిక్కుకుంటుంది. దానికి గడ్డి మోపే వేరుగా పెట్టండి.

ప్రతి బాణం ఎక్కుపెట్టే ముందు రెండు చేతులతో కొద్దిగా వంచి చెవి దగ్గర పెట్టాలి. చిటపటమంటే విరిచి పారేయడమే. ఇది మావాడికి విసుగు. నేను పక్కన నిలబడితే చేస్తాడు, లేకపోతే గుర్తుండదు. అందుకే నేను లేకుండా విల్లు తియ్యొద్దన్నాను.

ముందు ఈకలు లేని బాణాలు, 15 మీటర్ల నుంచి. కుడిచేతి వాటం వాళ్ళకి చదివే తీరు ఇది:

1. ఈకలు లేనిది ఎడమకి పడితే పుల్ల గట్టి. కుడికి పడితే మెత్తన.
2. ఈకలు లేనిది కిందకి పడితే అల్లెతాడు మీద నాక్ పాయింట్ (బాణం తగిలించే చోటు) ఎత్తుగా ఉంది. పైకి పడితే పల్లంగా ఉంది.
3. ముందు ఎత్తుపల్లాలు సరిచేసి, తర్వాతే కుడిఎడమలు.

మొదటి రోజు లెక్క, 100 గ్రెయిన్ల ములుకుతో: ఈకలు లేనివి 30 సెం.మీ. ఎడమకి, 12 కిందకి. నాక్ పాయింట్ 12 మి.మీ. ఎత్తున ఉంది. 9కి దించాం, కింద పడటం పోయింది. 6కి దించి చూస్తే విచిత్రంగా మళ్ళీ తేడా. మరీ దించితే బాణం వెనక భాగం చేతికి తగిలి ఎగురుతుంది, అప్పుడు ఆ కొలతని నమ్మకూడదు. 9 దగ్గరే దారం చుట్టి జిగురు పెట్టేశాం.

ఎడమ సంగతికి 125 ములుకు వేశాం. 30 కాస్తా 14 అయింది. ఇంకా బరువు పెంచితే బాణం 50 మీటర్లకి ఎక్కువ కిందకి జారి, పైకి గురిపెట్టాల్సి వస్తుంది. అందుకని విల్లు వైపు వెళ్ళాం. బాణం ఆనే చోట పిడి మీద మందపాటి తోలు ఉంది. దాన్ని తీసి పల్చటి తోలు అతికించి, పిడిని పక్కన ఒకటిన్నర మి.మీ. గీశాను. పొట్ట వైపు ముట్టుకోలేదు, అది విల్లు బలం. 14 కాస్తా 5కి వచ్చింది. అక్కడ ఆపాను. మావాడి చేతి తేడాయే అంతకంటే ఎక్కువ.

ఇక రేకు ములుకులు, 18 మీటర్ల నుంచి. బుల్లెట్ బాణాలు అరచేయంత మేర గుమిగూడుతున్నాయి. రేకువి మూడూ బుల్లెట్ గుంపుకి ఎడమగా 20 సెం.మీ. దూరంలో, పైగా ఒకదానికొకటి దూరం. ఈకలు లేని పరీక్షలో 5 దగ్గర ఆపినదే ఇక్కడ 20 అయి కూర్చుంది.

అప్పుడు మావాడి ఎడమ చేతిని ఫోన్‌తో నెమ్మది వీడియో తీశాను. వదిలే క్షణంలో పిడిని పిడికిలితో బిగిస్తున్నాడు, విల్లు కుడికి తిరిగి బాణం తోక విల్లుని రాసుకుంటోంది. బుల్లెట్ ములుకుతో ఈకలు దాన్ని సర్దేస్తున్నాయి కాబట్టి ఎన్ని నెలలు వేసినా బయటపడేది కాదు. బొటనవేలు, చూపుడువేలు మాత్రం పిడిని తాకేలా, మిగతా మూడూ మడిచి వదులుగా ఉంచమన్నాను. విల్లు జారిపోతుందని భయపడితే మణికట్టుకి తాడు కట్టాం.

పది రోజులకి రేకువి బుల్లెట్ గుంపుకి 6 సెం.మీ. దగ్గరికి వచ్చాయి. రేకు అడ్డంగా ఉండాలా నిలువుగా ఉండాలా అని చాలామంది వాదిస్తారు. రెండూ వేసి చూశాం, నాకు తేడా తెలియలేదు. మూడూ ఒకే తీరులో ఉంటే చాలు.

మావాడు ఇప్పుడు ఆ రేకు బాణాల్ని శత్రువుల్లా చూస్తున్నాడు. పోటీకి అవి రావు, షాపులోనే వేలాడుతుంటాయి. వారానికి ఒకసారి దించుతాం. బుల్లెట్‌కీ వాటికీ మధ్య దూరం మళ్ళీ పెరిగితే చెయ్యి బిగుస్తోందని అర్థం, లేదా అల్లెతాడు సాగిందని.

*ఇప్పటిదాకా: విరిగినవి 2, మిగిలిన బాణాలు 13. ఖర్చు: తోలు 40. మొత్తం 2,455.*

దశ 6: 30, 50 మీటర్లు, వాన

30 మీటర్లు పెద్దగా చెప్పడానికి లేదు, పడుతున్నాయి. 50 దగ్గర గుంపు నిలువుగా సాగింది. అంటే కుడిఎడమల తప్పు కాదు, వేగం తేడా. రెండు కారణాలు దొరికాయి. ఒకటి, ఒక్కోసారి 28 అంగుళాలు లాగకుండా 27కే వదులుతున్నాడు. ప్రతి బాణం మీద 28 దగ్గర ఎర్ర దారం చుట్టాను, అది వేళ్ళ దాకా రావాలి. రెండోది బాణాల బరువు. మొదటి వానలు పడ్డాక తూస్తే 28.0 ఉన్నవి 28.9 దాకా వెళ్ళాయి, అన్నీ ఒకేలా కాదు. వెదురు తడి పీల్చింది. నాలుగు పుల్లలకి గాజు పలక మీద మళ్ళీ టకటక.

చేస్తున్నది:

1. నాలుగు బాణాలకి రెండు పూతలు అవిసె నూనె.
2. నాలుగింటికి పల్చగా వైండింగ్ వార్నిష్. ఇది బరువు 0.4 గ్రాము పెంచింది, కాబట్టి ములుకుని అంత దించాలి.
3. నాలుగు ఏమీ పూయకుండా, పోల్చడానికి.
4. పదమూడోది విడిగా, చీలిక గీత కనిపించింది.

పన్నెండూ షాపు అటక మీద ఒకే దండానికి వేలాడుతున్నాయి. ప్రతి ఆదివారం తూచి గోడ మీద సుద్దతో రాస్తున్నాను. శ్రావణం వెళ్ళాక ఏ నాలుగు తక్కువ కదిలాయో చూసి, మిగతా ఎనిమిదీ వాటి దారిలోకి తెస్తాను. అప్పటిదాకా 50 మీటర్ల గురి గుర్తు విల్లు మీద పెన్సిల్‌తోనే, పెయింట్ వేయడం లేదు.

*ఇప్పటిదాకా: నూనె 90, వార్నిష్ షాపుది. మొత్తం 2,545.*